స్కూల్లో బుద్ధిమంతుడు, ఇంటికి రాగానే ఎందుకలా?

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనంతలో చెప్తాను. బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. నాలుగేళ్లప్పుడు ఆటిజం అన్నారు, పోయినేడు ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, అతిగా కదలడం, ఆగలేకపోవడం) కూడా ఉందన్నారు. స్కూల్లో టీచర్లు "చాలా నెమ్మదస్తుడండీ, క్లాసులో ఉన్నట్టే తెలియదు" అంటారు. నాలుగున్నరకు ఆటో దిగి గుమ్మంలో అడుగు పెట్టగానే బూట్లు విసరడం, చెల్లెల్ని నెట్టడం, తలుపుకు తల కొట్టుకోవడం, గంటసేపు గుక్కపట్టి ఏడవడం. "బయట బాగానే ఉండేవాడు ఇంట్లో ఎందుకుండడు, నీ గారాబమే" అని మీ అత్తగారు. రెండుసార్లు మీ చెయ్యి లేచింది, ఆ రాత్రులు మీకు నిద్ర పట్టలేదు. వాడు కావాలనే చేస్తున్నాడా, పెద్దయ్యాక పరిస్థితి ఏంటి అని మీ ప్రశ్న.

కావాలని చేయడం లేదమ్మా. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పదిహేడేళ్లుగా ఇలాంటి పిల్లలతోనే నా పని. మీరు రాసినదంతా చదివాక నాకు ఎక్కువ గుబులు పుట్టించిన మాట ఇంట్లో ఏడుపు గురించినది కాదు, టీచర్ అన్న "ఉన్నట్టే తెలియదు" అన్నది.

బిగబట్టుకోవడం వేరు, తేరుకోవడం వేరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, పిల్లాడు కదలకుండా కూర్చుని ఉంటాడు. తేరుకున్న పిల్లాడి భుజాలు వదులుగా ఉంటాయి, పక్కవాడితో ఏదో గుసగుసలాడతాడు, తన డబ్బా తను తింటాడు. బిగబట్టుకున్నవాడు కాలర్ నములుతాడు, గోళ్లు కొరుకుతాడు, చెయ్యి ఎత్తి బాత్రూమ్‌కు వెళ్తానని కూడా అడగడు. బెంచీలు ఈడ్చిన చప్పుడు, నలభై మంది గోల, మెడకు బిగిసిన టై, పక్క సెక్షన్లో ఎవరినో మేడమ్ కేకలేయడం ఇవన్నీ మామూలు పిల్లల చెవుల పక్కనుంచి పోతాయి. మీవాడి చెవుల్లో గుచ్చుకుంటాయి. చప్పుళ్లు, వెలుతురు, స్పర్శ కొందరికి మరీ ఎక్కువగా, కొందరికి మరీ తక్కువగా తెలియడాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎమ్-5 అనే రోగనిర్ధారణ పుస్తకంలో ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. ఒకే పిల్లాడికి ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని రాసే వీలు కూడా ఆ పుస్తకంతోనే వచ్చింది. అంతకుముందు ఆటిజం అంటే ఏడీహెచ్‌డీ రాయకూడదన్నది నియమం. "రెండూ ఎలా ఉంటాయి, డాక్టర్లు డబ్బు కోసం చెప్తారు" అనే చుట్టాలెవరైనా ఉంటే ఈ ముక్క చెప్పండి.

పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర దాకా బిగబట్టినది ఎక్కడో ఒకచోట వదలాలి. ఎక్కడ తిట్టినా తరిమెయ్యరో అక్కడ వదులుతాడు. కొత్తగా కాపురానికి వెళ్లిన పిల్ల రోజంతా అత్తింట్లో నవ్వు మొహంతో తిరిగి, రాత్రి అమ్మ ఫోన్లో "ఎలా ఉన్నావే" అనగానే భోరుమంటుంది చూడండి, అలాగన్నమాట. మీ అత్తగారికి ఈ పోలిక చెప్పాలో వద్దో మీరే ఆలోచించుకోండి. నేను ఒక పెద్దావిడకు చెప్తే ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మా అమ్మ ఫోన్ లేని రోజులమ్మా అవి" అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మనవడిని ఎవరూ తిట్టలేదు.

ఈ తేడా నాకు మొదట్లో తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరేళ్ల పాప ఒకతి వచ్చేది. సెషన్‌లో ఏడవకుండా ఉంటే స్టార్ స్టిక్కర్, ఐదు స్టిక్కర్లయితే చాక్లెట్. మూడు వారాల్లో ఏడుపు మానేసింది. నేను రిజిస్టర్లో గొప్పగా రాసుకున్నాను. నాలుగో వారం వాళ్లమ్మ పాప ఫ్రాక్ చేతులు పైకి లాగి చూపించింది. రెండు ముంజేతుల మీదా పళ్ల గాట్లు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. నా గదిలో ఏడుపు ఆపుకుని, ఇంటికెళ్లే దారిలో తనను తానే కొరుక్కుంటోంది. ఆ పిల్లకు నేను తేరుకోవడం నేర్పలేదు, దాచుకోవడం నేర్పాను. అందుకే ఏ సెంటర్‌కు వెళ్లినా "ఏడుపు మాన్పిస్తాం" అన్న మాట వింటే ఎలా మాన్పిస్తారో రెండోసారి అడగండి.

సరే, తేరుకోవడం ఎలా వస్తుంది? మొదట అరువు. చంటిబిడ్డ ఏడిస్తే మనం ఎత్తుకుని భుజాన వేసుకుని జోకొడతాం, మన ఊపిరి లయకు బిడ్డ ఊపిరి దిగుతుంది. ఏ పిల్లలైనా అలా కొన్నేళ్లు మన నెమ్మది అరువు తీసుకునే తమ నెమ్మది కూడబెట్టుకుంటారు. ఈ పిల్లలకు ఆ అరువు ఎక్కువకాలం కావాలి. ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలు పనిచేసిన రస్సెల్ బార్క్లీ ఒక ఉజ్జాయింపు లెక్క చెప్తాడు: తనను తాను అదుపు చేసుకునే విషయంలో ఈ పిల్లలు వయసుకు సుమారు 30 శాతం వెనక ఉంటారని. ఆ లెక్కన మీ ఏడేళ్లవాడు కోపం వచ్చినప్పుడు ఐదేళ్లవాడు. లెక్కల్లో, బొమ్మలేయడంలో ఏడేళ్లవాడే, అందుకే మనం మోసపోతాం. "ఎక్కాలు గడగడా చెప్పేవాడికి ఈ మాత్రం తెలియదా" అంటాం.

ఇంకో చిక్కుంది. తేరుకోవాలంటే ముందు లోపల ఏదో అవుతోందని తెలియాలి కదా. ఆకలి, దాహం, ఉచ్చ, గుండె దడ, కడుపులో బరువు ఇవన్నీ లోపలి కబుర్లు. ఈ లోపలి గ్రహింపును ఇంటరోసెప్షన్ అంటారు. చాలామంది ఆటిజం పిల్లలకు ఈ కబురు ఆలస్యంగా అందుతుంది, లేదా ఒక్కసారిగా అరుపులా అందుతుంది. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమకు కలిగేది కోపమా, భయమా, దిగులా అని పేరు పెట్టడం కష్టమని అధ్యయనాలు చెప్తున్నాయి. "ఎందుకేడుస్తున్నావ్, చెప్పు" అని మీరు పదిసార్లు అడిగినా వాడు చెప్పకపోవడానికి మొండితనం కారణం కాదు. వాడి దగ్గర జవాబు లేదు.

మీవాడిలాంటి కుర్రాడే ఒకడు, సాయంత్రం నాలుగూ ఇరవైకి మొదలుపెట్టేవాడు, గడియారం పెట్టినట్టు. వాళ్లమ్మ చేత రెండు వారాలు నోట్‌బుక్ రాయించాను: ఎన్నింటికి, ఎక్కడ, రాత్రి ఎంత నిద్ర, ఏం తిన్నాడు, మొదలవడానికి ఐదు నిమిషాల ముందు ఏమైంది. పదో రోజు ఆవిడ ఒక వాక్యం రాసింది: "డబ్బాలో అన్నం అలాగే ఉంది, నీళ్ల బాటిల్ కూడా నిండుగానే ఉంది." వెనక్కి తిప్పి చూస్తే ఏడుపు గట్టిగా ఉన్న రోజులన్నీ డబ్బా అలాగే వచ్చిన రోజులు. స్కూల్లో డైనింగ్ హాల్ రేకుల షెడ్డు, స్టీలు కంచాల మోత, సాంబారు వాసన. వాడు తినడం లేదు. బాత్రూమ్ వాసన పడక పొద్దున్నుంచి ఉచ్చ కూడా పోయడం లేదు, అందుకే నీళ్లు తాగడం లేదు. ఎనిమిది గంటలు ఆకలి, దాహం, బిగబట్టిన ఉచ్చ. ఏ పెద్దమనిషైనా ఆ స్థితిలో బూటు విసురుతాడు. లైబ్రరీ వరండాలో కూర్చుని తినడానికి, స్టాఫ్ బాత్రూమ్ వాడుకోవడానికి ఒప్పించాక ఏడుపు పూర్తిగా పోలేదు గానీ వారానికి ఒకటి రెండు రోజులకు దిగింది. అందులో నా థెరపీ ఏమీ లేదు, ఆవిడ నోట్‌బుక్కే.

కాబట్టి మీరూ ముందు ఆ నోట్‌బుక్ పెట్టండి. ఫోన్లో వాయిస్ నోట్ అయినా సరే.

ఇక సాయంత్రం సంగతి. గుమ్మంలోకి రాగానే "ఇవాళ ఏం చెప్పారు? డబ్బా తిన్నావా? డైరీ చూపించు" అని మూడు ప్రశ్నలు వేయడం మనందరికీ అలవాటు. మానేయండి. మొదటి నలభై నిమిషాలు ప్రశ్నల్లేవు, హోంవర్క్ లేదు, టీవీ సీరియల్ చప్పుడు లేదు. చెల్లెల్ని ఆ కాసేపు నానమ్మ పక్కగదిలో ఆడించాలి, ఆవిడకు మీరు అప్పజెప్పగలిగిన పెద్ద సాయం ఇదే. టై, బెల్టు, సాక్సులు ముందు తీసేయండి. సాక్సు వేళ్ల దగ్గర ఉండే కుట్టు రోజంతా గుచ్చుకుంటుందని చెప్పిన పిల్లలు నాకు పదిమంది దాకా తెలుసు. తినడానికి ఏదైనా కరకరలాడేది: జంతికలు, క్యారెట్, చెరకు ముక్క. నమలడం దవడకు పని, దవడకు పని దొరికితే చాలామంది నెమ్మదిస్తారు.

తర్వాత ఒంటికి బరువు పని. దీనికి థెరపీ సెంటర్లో బాల్ పూల్, వెయిటెడ్ బ్లాంకెట్ (బరువు దుప్పటి) అని వేలకు వేలు చెప్తారు. మన ఇళ్లలో చపాతీ పిండి పిసకడం, తడి బట్టల బకెట్ మేడ మీదకు మోయడం, ఉయ్యాల ఊగడం, బొంతలో చుట్టుకుని దొర్లడం ఉన్నాయి. మొహం మాత్రం కప్పకూడదు, వాడికి ఇష్టం లేకపోతే చుట్టకూడదు. కొందరికి గట్టిగా హత్తుకుంటే హాయి, కొందరికి చెయ్యి తగిలినా మంట. ఏది అనేది మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఇవన్నీ చేసినా కొన్ని రోజులు పేలుతుంది. పేలిన తర్వాత నేర్పేది ఏమీ లేదు. ఆ నిమిషంలో మాట బుర్రకెక్కదు, మన నీతిబోధ వాడికి మరో చప్పుడు మాత్రమే. ట్యూబ్‌లైటు ఆర్పండి, చేతికందే గట్టి వస్తువులు తీసేయండి, తలకు గోడకు మధ్య దిండు పెట్టండి. కింద కూర్చోండి, పైన నిలబడితే మీరు వాడికి పెద్ద నీడలా కనిపిస్తారు. కళ్లలోకి చూడమనకండి. మాట రెండు ముక్కలు: "అమ్మ ఉంది." అంతే, అదీ తెలుగులో. స్కూలు కోసం ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని కొందరు సలహా ఇస్తారు గానీ, రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకు నష్టమని పరిశోధనల్లో తేలలేదు. జోలపాట భాషలో చెప్పిన మాటకున్న బలం వేరు. మీ గొంతు వణుకుతుంటే అసలు మాట్లాడకండి, మీ ఊపిరి మీరు నెమ్మదిగా వదులుతూ కూర్చోండి. వాడు అరువు తీసుకునేది అదే. మీ దగ్గర లేకపోతే ఇంట్లో ఇంకెవరి దగ్గర ఉందో వాళ్లు కూర్చోవాలి, మీరు వంటింట్లోకి వెళ్లి మొహం కడుక్కోండి. అది ఓడిపోవడం కాదు.

మారాం, మెల్ట్‌డౌన్ తేడా కూడా అడిగారు. మారాంలో పిల్లాడు ఓరకంట మనల్ని చూస్తుంటాడు, అడిగింది ఇస్తే ఆగిపోతాడు. మెల్ట్‌డౌన్‌లో అడిగింది చేతిలో పెట్టినా విసిరేస్తాడు, ఆగడం వాడి చేతిలో ఉండదు. పుస్తకాల్లో ఇలా రెండు గళ్లుగా ఉంటుంది. ఇంట్లో మాత్రం ఐస్‌క్రీమ్ మారాంగా మొదలై పది నిమిషాల్లో మెల్ట్‌డౌన్ అవుతుంది. ఐస్‌క్రీమ్‌కు "వద్దు" అన్నది "వద్దు"గానే ఉంచండి, దగ్గర కూర్చోవడం మాత్రం మానకండి. రెండూ ఒకేసారి చేయొచ్చు.

అయిపోయాక వాడు ఇరవై నిమిషాల్లో ఏమీ జరగనట్టు వచ్చి "అమ్మా, కార్టూన్ పెట్టవా" అంటాడు, మీకు ఒళ్లు మండిపోతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నచోట ఇది మరీ ఎక్కువ, ఉద్రేకం ఎంత వేగంగా ఎక్కుతుందో అంత వేగంగా దిగుతుంది. మనది దిగదు. వాడికి సిగ్గు లేదనుకోకండి. అప్పుడు నీళ్లు ఇచ్చి ఊరుకోండి. మాట్లాడటం మర్నాడు, అదీ బొమ్మలు గీసుకుంటూ.

ఆ మాట్లాడటంలో మన తెలుగు బాగా ఉపయోగపడుతుందని నా నమ్మకం. మన భాషలో ఉద్వేగాలన్నీ ఒంట్లోనే ఉంటాయి: గుండె దడదడలాడటం, గొంతు పట్టేయడం, కడుపులో దేవినట్టుండటం, చేతులు వణకడం, మొహం వేడెక్కడం. "నీకు కోపం వచ్చిందా" కంటే "చేతులు బిగుసుకున్నాయా, గుండె గట్టిగా కొట్టుకుందా" అన్న ప్రశ్నకు ఈ పిల్లలు తేలిగ్గా జవాబు చెప్తారు. మనిషి బొమ్మ గీసి ఎక్కడెక్కడ ఎలా ఉందో రంగు వేయించండి. కానీ జాగ్రత్త, వీళ్లు మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు. ఒకసారి ఓ పిల్లాడి ముందు వాళ్ల నాన్న "ఒళ్లు మండిపోతోందండీ వీడితో" అన్నాడు. పిల్లాడు దగ్గరికొచ్చి నాన్న ముంజేతి మీద రెండు వేళ్లు పెట్టి చూసి, "మండట్లేదు" అని నాకు చెప్పాడు. తర్వాత వెళ్లి ఫ్యాన్ స్విచ్ మాత్రం వేశాడు. ఆ నాన్న కళ్లు తుడుచుకున్నాడు. ఈ పిల్లలకు ఎదుటివాళ్ల బాధ పట్టదని అనేవాళ్లను చూస్తే నాకు ఆ ఫ్యాన్ గుర్తొస్తుంది.

కొట్టడం గురించి. మీ మీద మీరు కత్తి కట్టుకోకండి. కానీ అది ఎందుకు పనిచేయదో చెప్పాలి. దెబ్బ పడితే కొన్నిసార్లు నిజంగానే ఏడుపు ఆగుతుంది, అందుకే పనిచేసిందనిపిస్తుంది. ఆగింది భయంతో బిగుసుకుపోయి. స్కూల్లో రోజంతా చేసేదే ఇంట్లోనూ చేయడం మొదలుపెడతాడు, ఇక వదలడానికి చోటు ఉండదు. స్కూల్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటే మాత్రం ఊరుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది.

స్కూలుతో మాట్లాడేటప్పుడు "మావాడిని అర్థం చేసుకోండి" అంటే ఎవరూ ఏమీ చేయరు, పాపం వాళ్లకూ నలభైమంది. చిన్నచిన్న పనులు అడగండి. బెల్ కొట్టడానికి ఐదు నిమిషాల ముందు బయటికి పంపడం, టై వదులు చేసుకోనివ్వడం, రోజుకు రెండుసార్లు "ఈ రిజిస్టర్ ఆఫీసులో ఇచ్చిరా" అని నడిపించడం. మూడోది నాకు చాలా ఇష్టం, పిల్లాడికి గౌరవంగానూ ఉంటుంది, కాళ్లకు పనీ దొరుకుతుంది. కాదంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఆటిజం అందులోని 21 వైకల్యాల్లో ఒకటి, గుర్తింపు పొందిన స్కూళ్లు పిల్లాడి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని 16వ సెక్షన్ చెప్తుంది. చట్టం మాట మొదటి మీటింగ్‌లో ఎత్తకండి, మూడో మీటింగ్‌కు దాచుకోండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు? ఉన్నట్టుండి నాలుగైదు రోజుల్లో బాగా పెరిగితే ముందు ఒంట్లో వెతకండి: పిప్పి పన్ను, చెవిపోటు, మలబద్ధకం, నిద్ర. చెప్పలేని పిల్లాడికి నొప్పంతా కోపంగానే బయటికొస్తుంది. తల కొట్టుకున్నాక వాంతులు, మగత ఉన్నా, కళ్లు తేలేసి కాసేపు పలకకపోయినా వెంటనే చూపించాలి, ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ మిగతావాళ్లలో కంటే ఎక్కువ. మందుల విషయానికొస్తే ఆటిజాన్ని తీసేసే మందు లేదు. రిస్పెరిడోన్‌కు 2006లో, అరిపిప్రజోల్‌కు 2009లో అమెరికాలో అనుమతి ఇచ్చింది ఆటిజం పిల్లల్లో తీవ్రమైన చిరాకు, తమకూ ఇతరులకూ దెబ్బలు తగిలేంత ఉద్రేకం తగ్గించడానికి. బరువు బాగా పెరగొచ్చు, రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. కొందరు పిల్లలకు నిజంగా అవసరం, సైకియాట్రిస్ట్ రాస్తే భయపడొద్దు. చుట్టాలబ్బాయికి పనిచేసిందని మెడికల్ షాపులో కొనడం మాత్రం వద్దు.

ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) ఫీజులు భరించలేకపోతున్నామని చివర్లో రాశారు. మీ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను చిన్నప్పుడే చూసే జిల్లా కేంద్రం) ఉందేమో కనుక్కోండి, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచేవి. మన రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, కొన్ని చోట్ల టీచర్లు ప్రాణం పెట్టి చేస్తారు, కొన్ని చోట్ల తాళం ఉంటుంది, వెళ్లి చూస్తేగానీ తెలియదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర సంస్థ ఎన్ఐఈపీఐడీకి ఒకసారి తీసుకెళ్లడం మంచిది. ఆటిజం సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయొచ్చు, లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులకూ కొంత వస్తుంది. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్నవాళ్లకు అది వర్తించదు.

మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, ఆవిడకు తోచిన ప్రేమ అది. ఎండుమిరపకాయలు మాత్రం బాబు బయట ఉన్నప్పుడు కాల్చమనండి. ఆ ఘాటుకే ఒక కుర్రాడు మెల్ట్‌డౌన్‌లోకి వెళ్లి, "చూశారా ఎంత దిష్టి ఉందో" అని ఇంకోసారి తీసిన ఇల్లు నాకు తెలుసు.

ఇంకొక్కటి. మీరు ఆటో గురించి ఏమీ రాయలేదు. రేపు ఒకసారి స్కూల్ గేటు దగ్గరికి వెళ్లి, ఆ ఆటోలో ఎంతమందిని ఎక్కిస్తున్నారో, మీవాడు మధ్యలో ఇరుక్కుని కూర్చుంటున్నాడా, డ్రైవర్ పాటలు ఎంత సౌండ్‌తో పెడుతున్నాడో చూసి రండి. వీలైతే ఒక వారం మీరే స్కూటీ మీద తెచ్చుకుని, ఆ వారం నాలుగున్నరకు ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాయండి.